రాక్ ఐలండ్ రైల్వే: దివాలా నుంచి ఆఖరి బండి దాకా

పట్టాలవెంట:
షికాగో లాసాల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి జోలియట్ వెళ్లే లోకల్ లైనుకు ఇవాళ్టికీ "రాక్ ఐలండ్ డిస్ట్రిక్ట్" అనే పేరు. ఆ బండెక్కి ఆఫీసులకు వెళ్లే తెలుగువాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. ఆ పేరుగల కంపెనీ పోయి నలభై ఏళ్లు దాటిందంటే నమ్మరు. మొన్న ఇంకో చర్చలో "అమెరికాలో రైల్వే దివాలా తీస్తే పట్టాలేమవుతాయి, బండ్లేమవుతాయి?" అని ఎవరో అడిగారు. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు కాబట్టి విడిగా పెడుతున్నా.

కంపెనీ పూర్తి పేరు షికాగో, రాక్ ఐలండ్ అండ్ పసిఫిక్. మిసిసిపి మీద మొట్టమొదటి రైలు వంతెన వీళ్లదే, 1856లో. తెరిచిన కొద్ది రోజులకే ఒక స్టీమరు వచ్చి గుద్దుకుంటే, తర్వాత నడిచిన కేసులో వంతెన తరఫున వాదించిన వకీలు అబ్రహాం లింకన్. కంపెనీ లైను అటు మినియాపొలిస్, ఇటు డెన్వర్, కింద టెక్సాస్, లూసియానా దాకా పాకింది. పేరులో పసిఫిక్ ఉందిగానీ ఆ సముద్రం మొహం ఎన్నడూ చూడలేదు. 1915లో ఒకసారి, 1933లో ఒకసారి దివాలా తీసి కోర్టు చేతికి వెళ్లి బయటపడింది. 1975 మార్చి 17న మూడోసారి వెళ్లింది. ఈసారి బయటికి రాలేదు.

నా మాట ముందే చెప్పేస్తా: దాన్ని చంపింది అందరూ చెప్పే 1979 సమ్మె కాదు, అంతకు పదిహేనేళ్ల ముందు తెరిచిన విలీనం ఫైలు.

కాజీపేట_ఆల్కో:
అన్నా, ఫైలు ఒక్కటి రైల్వేను ఎట్ల చంపుతది? జర వివరంగ రాయి.

పట్టాలవెంట:
1964లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో రైల్వే వాళ్లు రాక్ ఐలండ్‌ని కలుపుకుంటామన్నారు. వాళ్లకు ఒమాహా నుంచి షికాగో దాకా సొంత దారి లేదు, వీళ్లకు ఉంది. వాటాదార్లు సరేనన్నారు. కానీ అప్పట్లో అమెరికాలో రెండు రైల్వేలు కలవాలంటే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ ఒప్పుకోవాలి. ఐసీసీ అనేవాళ్లు, క్రికెట్‌ది కాదు. పడమటి వైపున్న రైల్వేలు ఇంచుమించు అన్నీ అభ్యంతరమనో, మాకూ ఓ ముక్క కావాలనో అర్జీలు పెట్టాయి. షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ అయితే పోటీ బేరమే పెట్టింది. కమిషన్ విచారణాధికారి ఈ సందర్భంలోనే మొత్తం పశ్చిమ అమెరికా రైల్వేలను నాలుగు గుంపులుగా ఎలా కలపాలో ప్రణాళిక రాయడం మొదలుపెట్టాడు! 1974 చివర్లో షరతులతో అనుమతి వచ్చింది. అప్పటికి పిల్ల ముసలిదైపోయింది, పెళ్లికొడుకు మనసు మారిపోయింది. 1975లో యూనియన్ పసిఫిక్ వద్దని తప్పుకుంది.

ఆ పదేళ్లూ యాజమాన్యం ఏం చేసిందనేదే అసలు కథ. ఎలాగూ వేరేవాళ్ల చేతికి పోతుంది కదా అని లైను మీద ఖర్చు తగ్గించేశారు. కంపెనీ చివరిసారి లాభం చూసింది 1965లో.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ:
నాయనా, పట్టాలవెంటా, ఇంతవరకు బాగా రాసినావు. పట్టాల సంగతి నేను చెప్తా. గుంతకల్లు డివిజన్‌లో గ్యాంగులతో ఎండలో తిరిగిన ప్రాణం.

పర్మనెంట్ వే, అంటే పట్టాలు, వాటి కింద అడ్డంగా వేసే స్లీపర్లు, కంకర, వీటి మీద ఖర్చు ఆపితే మొదటి ఏడాది ఎవరికీ తెలియదు. రెండో ఏడాదీ తెలియదు. లెక్కల పుస్తకంలో మిగులు కనిపిస్తుంది, పై ఆఫీసులో మెచ్చుకుంటారు కూడా. వాళ్లవి చెక్క స్లీపర్లు, వాటిలోకి కొట్టిన మేకులు. స్లీపరు కుళ్లితే మేకు పట్టు వదులుతుంది, గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, వెడల్పవుతుంది. కంకర కింద బురద చేరితే బండి వెళ్లినప్పుడల్లా జాయింటు దగ్గర నీళ్లు పైకి చిమ్ముతాయి. నిలబడి చూస్తే పట్టా ఊపిరి తీసుకున్నట్టు లేచి దిగుతుంది.

ఇంకొకటి. మన దగ్గర రెండు పట్టాల జాయింట్లు ఎదురెదురుగా వస్తాయి. అమెరికాలో ఒక పట్టా జాయింటు రెండో పట్టా నడిమికి వచ్చేటట్టు వేస్తారు. పట్టా పొడవు 39 అడుగులు. జాయింట్లన్నీ దిగబడిన లైనులో బండి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాలుతూ పోతుంది. 100 టన్నుల ధాన్యం పట్టే మూత వ్యాగన్లు, హాపర్లంటారు, ఎత్తుగా ఉంటాయి. గంటకు 15, 20 మైళ్ల మధ్య ఈ ఊపూ, ఆ వ్యాగన్ సొంత ఊపూ ఒక లయలో కలిసినాయంటే చక్రం పట్టా మీద నుంచి లేస్తుంది. ఆ వేగానికి కిందనే ఉంచాలని 10 మైళ్లకు మించి నడపొద్దని కాషన్ ఆర్డర్ వేస్తారు. వాళ్ల ఫెడరల్ నిబంధనల్లో అట్టడుగు తరగతి లైనుకు గూడ్సు వేగం కూడా అదే. మన లెక్కలో 16 కిలోమీటర్లు. సైకిల్ తొక్కేవాడు దాటిపోతాడప్పా!

ఒకచోట 10 మైళ్లంటే సరే. మైళ్లకు మైళ్లు, నెలలకు నెలలు అదే ఆర్డరు ఉన్నదంటే దాన్ని లైను అనరు.

లెక్కలమాస్టారు:
పెద్దాయన చెప్పినదానికి డబ్బుల వైపు నుంచి రెండు కలుపుతాను.

ఒకటి, డ్యూటీ గంటలు. 1970ల చట్టం ప్రకారం అక్కడ బండి సిబ్బంది 12 గంటలకు మించి పనిచెయ్యకూడదు. ఆ 12 గంటలు నిండితే నడి పొలంలోనైనా బండి ఆపేసి దిగాలి. కొత్త సిబ్బందిని కారులో పంపాలి. పాత వేగంలో ఒక జట్టు పూర్తిచేసే దూరానికి ఇప్పుడు రెండు జట్లు. జీతం ఇద్దరికీ.

రెండు, వ్యాగన్ల అద్దె. అమెరికాలో ఒక రైల్వే వ్యాగన్ ఇంకో రైల్వే లైను మీద ఉన్నంతకాలం దానికి అద్దె కట్టాలి. రోజులో దాటాల్సిన వ్యాగన్ మూడు రోజులు మీ లైను మీద పాకుతోందంటే మూడు రోజుల అద్దె. అంటే స్లీపర్లకు మిగిల్చిన డబ్బు అద్దెల్లో, ఓవర్‌టైముల్లో, పట్టాలు తప్పిన బండ్లను ఎత్తే క్రేన్ల ఖర్చులో తిరిగి పోయింది. సరుకు పంపేవాళ్లు విసిగి లారీలకో, పక్క రైల్వేకో మళ్లారు. షికాగో-ఒమాహా మధ్య ఒకప్పుడు ఆరు రైల్వేలు పోటీపడేవి. కస్టమరుకు పక్క గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉంది. విలీనం ఫైలుకు ముందే ఆ ప్రాంతంలో రైల్వేలు ఎక్కువ, సరుకు తక్కువ. అందుకని తప్పంతా ఐసీసీ మీదకు తోయడం నాకు ఒప్పుదల కాదు.

అయోవా_అక్కయ్య:
మేం అయోవా రాష్ట్రంలో డెమోయిన్ దగ్గర ఉంటాం. ఇక్కడ చిన్న ఊళ్లలో ధాన్యం ఎలివేటర్లు (ధాన్యం నిల్వచేసే గాదెలు) చూస్తే ఊరి రూపం అర్థమవుతుంది: ఎత్తయిన కాంక్రీటు గొట్టాలు, పక్కన తిన్నగా సాగే, గడ్డి మొలిచిన గట్టు. ఆ గట్టు మీదే రాక్ ఐలండ్ బ్రాంచి లైను ఉండేది. మొక్కజొన్న కోతల కాలంలో హాపర్లు రాక, ధాన్యాన్ని నేల మీదే గుట్టలు పోసుకునేవాళ్లమని ఇక్కడి పెద్దవాళ్లు చెప్తారు. వాళ్లకు ఐసీసీ, బాండ్లు ఏవీ గుర్తులేవు. "నీలం బండి" మాత్రం గుర్తుంది. ఆ నీలం కథేమిటో చెప్పండి ఎవరైనా.

పట్టాలవెంట:
అక్కా, అది జాన్ ఇంగ్రమ్ పుణ్యం. అంతకుముందు ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్‌కు అధిపతిగా చేసి, 1974లో రాక్ ఐలండ్ అధ్యక్షుడిగా వచ్చాడు. దివాలా సమయంలోనే పాత ఎరుపు తీసేసి లేత నీలం, తెలుపు వేయించి, పక్కన పెద్దక్షరాల్లో "ద రాక్" అని రాయించాడు. లోపల ఇంజిను పాతదే, కింద లైను 10 మైళ్లదే. అయినా ఫొటోలు తీసేవాళ్లకు పండగ. ఆ రంగులో మెరిసే బాక్సు వ్యాగన్లు కంపెనీ పోయాక కూడా చాలా ఏళ్లు దేశమంతా తిరిగాయి.

కాజీపేట_ఆల్కో:
ప్యాసింజర్ బండ్ల ముచ్చట ఎవ్వరు చెప్తలేరు! 1971 మే 1న దేశమంతట ప్యాసింజర్ బండ్లు నడిపే సర్కారు సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలైతే, రాక్ ఐలండ్ దాంట్ల చేరలే. సదరన్, రియో గ్రాండె రైల్వేలు కూడ చేరలే, కని వాటికి తమ బండ్ల మీద మోజు ఉండె. రాక్ ఐలండ్‌కు చేరనీకి పైసలు లేకుండె. చేరాలంటే పాత నష్టాలను బట్టి రుసుము కట్టాలె. దానికన్న మిగిలిన రెండు బండ్లు నడుపుకుంటెనే చవక అని లెక్క తేలింది. గా రెండే: షికాగో నుంచి పియోరియాకు ఒకటి, మిసిసిపి ఒడ్డున ఉన్న క్వాడ్ సిటీస్ ఊర్లకు ఒకటి. రెండిటి పేరులో "రాకెట్" ఉంది. 1937ల మొదటి రాకెట్లు వచ్చినప్పుడు ఆ పేరుకు తగ్గ వేగమే. 1970లల్ల అదే రాకెట్ పొలాల మధ్య ఊగుకుంట పోతుండె. ఇలినాయ్ రాష్ట్రం పైసలిస్తే నడిచినయ్. 1978 డిసెంబర్ 31న రెండు బంద్.

652 నంబరు ఈ8 రకం డీజిల్ ఇంజిన్‌ను 1976ల దేశం ద్విశతాబ్ది కోసం ఎరుపు, తెలుపు, నీలం పెయింట్ చేసి "ఇండిపెండెన్స్" అని పేరు పెట్టిండ్రు. దివాలా కంపెనీ ఇంజిన్‌కు స్వాతంత్ర్యం! కంపెనీ పోయినంక అది కాన్సస్‌ల బాల్డ్విన్ సిటీకి చేరింది.

షికాగో లోకల్ బండ్లు ఇంకో మజా. 1920ల నాటి పెట్టెలు 1970ల దాకా నడిచినయ్. అభిమానులు వాటిని "కపోన్ కార్లు" అంటరు, షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ జమానావి అని. గవే లైన్ల మీద ఏబీ6 అనే వింత ఇంజిన్ ఉండె. 1940ల రాకీ మౌంటెన్ రాకెట్ కోసం రెండే చేసిండ్రు. కొలరాడోల లైమన్ దగ్గర ఆ బండి రెండుగ చీలి సగం డెన్వర్, సగం కొలరాడో స్ప్రింగ్స్ పోతుండె. చీలిన భాగానికి ఇంజిన్ కావాలె కద. అందుకని రెండో ఇంజిన్‌కే చదును మూతితోని ఒక డ్రైవర్ క్యాబ్ పెట్టిండ్రు. చూస్తె గోడకు కిటికీలు కొట్టినట్టు ఉంటది.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ:
ఆల్కో పేరు పెట్టుకున్నావు, ఆ అమెరికా ఇంజిన్ల కంపెనీ గురించి ఒక్క ముక్క రాయలేదేమప్పా?

కాజీపేట_ఆల్కో:
వస్తున్న తాతా! షంటింగ్ చెయ్యాలె, మెయిన్ లైన్ మీద బండి కూడ గుంజాలె, గసొంటి ఇంజిన్ ఒకటి కావాలె అని ఆల్కోను అడిగిందే రాక్ ఐలండ్. 1941ల వచ్చిన ఆర్ఎస్-1 అట్ల పుట్టింది. నడుమ క్యాబ్, అటు పొట్టి హుడ్ (ఇంజిన్ మీది డబ్బా), ఇటు పొడుగు హుడ్, పక్కన నడిచే దారి. మన కాజీపేట షెడ్డుల చూసిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ ఆకారం తాత ముత్తాత అదే. మొదట్ల తయారైనవాటిని యుద్ధం కోసం అమెరికా సైన్యం గుంజుకొని ఇరాన్ రైల్వేకు పంపింది, రాక్ ఐలండ్‌వి కూడ పోయినయ్. గింత తెలివైన కంపెనీ గట్ల ఎట్ల అయిందో!

నిడదవోలు_జంక్షన్:
అందరూ పట్టాలూ పెయింటూ మాట్లాడేస్తున్నారండీ. మనుషుల సంగతి నేనెత్తుతాను.

1979 ఆగస్టు 28న గుమాస్తాల యూనియన్ సమ్మెకు దిగింది. వెంటనే బండి సిబ్బంది యూనియన్ కూడా కలిసింది. వాళ్లేమన్నా గొంతెమ్మ కోరికలు కోరారా? మిగతా రైల్వేలన్నీ ఒప్పుకున్న జీతం పెంపే, పాత బకాయిలతో సహా ఇమ్మన్నారు. కోర్టు పెట్టిన ట్రస్టీ విలియం గిబ్బన్స్, బకాయిలిచ్చే డబ్బు లేదన్నాడు. సూపర్‌వైజర్లను ఎక్కించి కొన్ని బండ్లు నడిపారు. సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఈ తగువు మీద అత్యవసర బోర్డు వేశాడు. ఆ నెలాఖరుకే ఐసీసీ, "ఈ కంపెనీ వల్ల కాదు" అని తేల్చి, నడిపే పని కాన్సస్ సిటీ టెర్మినల్ రైల్వేకు అప్పగించింది. ఖర్చు ప్రభుత్వానిది. అక్టోబరు 5 నుంచి వాళ్లే నడిపారు. పాత సిబ్బందే మళ్లీ పనిలోకొచ్చారు. చూశారా, డబ్బు ఎవరో ఒకరు ఇస్తే మనుషులు పనిచేశారండి!

లెక్కలమాస్టారు:
ఆ డబ్బు పన్ను కట్టేవాడిది. ఎన్నాళ్లు ఇస్తారు? ఆ టెర్మినల్ రైల్వే అంటే కాన్సస్ సిటీకి వచ్చే రైల్వేలన్నీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి కంపెనీ. రాక్ ఐలండ్‌కూ అందులో వాటా ఉండేది.

1980 జనవరి 25న దివాలా కేసు జడ్జి ఫ్రాంక్ మెక్‌గార్, దీన్ని బతికించే దారి లేదు, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చండి అన్నాడు. అంత పెద్ద అమెరికన్ రైల్వేను ముక్కలుగా అమ్మడం అంతకు ముందు లేదు. షికాగో వ్యాపారి హెన్రీ క్రౌన్ దగ్గర కంపెనీ బాండ్లు, అంటే అప్పు పత్రాలు, పెద్ద మొత్తంలో ఉన్నాయి. నడిపేకొద్దీ ఆస్తి కరిగిపోతుంది, అమ్మెయ్యండని ఆయన మొదట్నుంచీ గట్టిగా పట్టుబట్టాడు. నిష్ఠురమైనా ఆ లెక్క తప్పు కాదు.

అమ్మకాలు చూడండి. మినియాపొలిస్-కాన్సస్ సిటీ లైను నార్త్ వెస్టర్న్ 1983లో 93 మిలియన్ డాలర్లకు కొంది, అదీ సూ లైన్ అనే రైల్వేతో పోటీ వేలంలో. కాన్సస్ సిటీ మీదుగా న్యూ మెక్సికో వైపు పోయే లైను సదరన్ పసిఫిక్ 57 మిలియన్లకు కొంది. పనికిరాని కంపెనీ అన్నదాని ముక్కల కోసం కొట్టుకున్నారు.

నిడదవోలు_జంక్షన్:
మీ నోటితోనే చెప్పారు మాస్టారూ. మరి ఆ అమ్మిన డబ్బు ఎవరికి పోయింది? అప్పులిచ్చినవాళ్లకు అసలు, వడ్డీతో సహా, పూర్తిగా తీర్చేశారు. దివాలా కంపెనీ అప్పులవాళ్లకు రూపాయికి రూపాయి రావడం ఎక్కడన్నా విన్నామా! పని పోయిన సిబ్బందికి? అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు, 1980 మేలో ఒక చట్టం చేసింది, ఆస్తుల్లోంచి 75 మిలియన్ డాలర్ల దాకా వాళ్లకివ్వాలని. ట్రస్టీ కోర్టుకెక్కాడు. 1982లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది: ఒక్క కంపెనీ కోసం దివాలా చట్టం చెయ్యకూడదట, దివాలా చట్టాలు దేశమంతా ఒకేలా ఉండాలని రాజ్యాంగంలో ఉందట. న్యాయం ఉండొచ్చండీ, ఆ ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్న గార్డు ఇంట్లో పొయ్యి మీద మాత్రం అది ఉడకదు.

లెక్కలమాస్టారు:
ఆ తీర్పులో తర్కం గట్టిదే, ఫలితం బాధాకరమే. రెండూ నిజం. కానీ 1979లో యూనియన్ నాయకులకు కంపెనీ పెట్టె ఖాళీ అని తెలియదా? తెలిసే తలుపు మూశారు.

నిడదవోలు_జంక్షన్:
పెట్టె ఖాళీ అని చెప్పిన పెట్టెలోంచే తర్వాత అంత డబ్బు వచ్చిందిగా!

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నిమ్మళంగా. ఆఖరి నెల సంగతి ఇంకా మిగిలే ఉంది.

పట్టాలవెంట:
అవును, నేను అసలు చర్చ పెట్టిందే దానికోసం.

జనవరిలో తీర్పు వచ్చాక మార్చి ఆఖరు గడువు. అప్పటికి వేల వ్యాగన్లు బ్రాంచి లైన్ల మీద, లూపుల్లో, ఎలివేటర్ల దగ్గర చెల్లాచెదురుగా ఉన్నాయి. కొన్ని వేరే కంపెనీలవి, కొన్ని అద్దెకు తెచ్చినవి. అన్నిటినీ పోగుచెయ్యాలి, లేకపోతే లైను మూసేశాక అక్కడే చిక్కుకుపోతాయి. అందుకని సరుకు లేని బండ్లు బయల్దేరాయి. అప్పటికే మూతపడ్డ లైను మీద ఉన్నట్టుండి ఓ ఇంజిను వచ్చేది, వెనక ఖాళీ హాపర్లు, నీలం బాక్సులు, ఆగిపోయిన ఇంజిన్లు తోకలా. "దెయ్యం బండ్లు" అన్నారు వాటిని. ఒకటి డెన్వర్ వైపు మంచు మేటల్లో మూడు రోజులు పెనుగులాడి మార్చి 31న చేరింది. రాక్ ఐలండ్ ఆఖరి బండి అదేనంటారు.

ఇంజిన్లు చాలావరకు ఇలినాయ్‌లో సిల్విస్ షాపులకు చేరాయి. వరసలు వరసలుగా నిలబెట్టారు. అద్దెవి అద్దెవాళ్లు తీసుకెళ్లారు. పాత జీపీ7 రకం ఇంజిన్లు చాలా నార్త్ వెస్టర్న్ కొని బాగుచేసుకుంది.

ఇంకో విషయం నన్ను వదలదు. ఆ ఆఖరి బండి తర్వాత ఆర్నెల్లకు, 1980 అక్టోబరు 14న, స్టాగర్స్ చట్టం వచ్చింది. రేట్లు పెట్టుకోవడంలో, నష్టాల లైన్లు వదిలించుకోవడంలో రైల్వేలకు స్వేచ్ఛ ఇచ్చింది. మిగిలిన కంపెనీలు దాని మీదే కోలుకున్నాయి.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ:
స్టాగర్స్ చట్టం కుళ్లిన స్లీపరు మార్చదు నాయనా. ఆ లైను బాగుచెయ్యాలంటే కొన్నేళ్ల పని, కొండంత డబ్బు. ఆర్నెల్లు ఆగినా అదే గతి.

అది సరే, తూర్పున పెన్ సెంట్రల్ రైల్వే, ఇంకొన్ని దివాలా తీస్తే ప్రభుత్వమే కాన్‌రైల్ అనే కంపెనీ పెట్టి 1976లో నడిపింది కదా. వీళ్లనెందుకు వదిలేసింది?

లెక్కలమాస్టారు:
తూర్పున అన్నీ ఒకేసారి పడ్డాయి సార్, ఆపితే కర్మాగారాలు ఆగిపోతాయి. ఇక్కడ ఒకటి పోతే పక్కన ఇంకోటి ఉంది. పైగా కాన్‌రైల్‌కు అప్పటికే పోసిన డబ్బు చూసి వాషింగ్టన్ బెదిరింది.

అయోవా_అక్కయ్య:
పక్కన ఇంకోటి ఉంది అనేది షికాగో-ఒమాహా మ్యాపు చూస్తే నిజం. బ్రాంచి లైను ఊళ్లకు కాదు. మా వైపు అదృష్టం కొద్దీ మెయిన్ లైను బతికింది: 1984 నుంచి అయోవా ఇంటర్‌స్టేట్ రైల్వే నడుపుతోంది. వాళ్ల 513 నంబరు ఇంజినుకు పాత రాక్ ఐలండ్ ఎరుపు, నలుపు రంగులు వేశారు. మొన్న మా పిల్లలతో క్రాసింగ్ దగ్గర ఆగితే ఎదురుగా అదే వచ్చింది, వెనక ఇథనాల్ ట్యాంకర్లు. డ్రైవరు హారన్ కొట్టి చెయ్యి ఊపాడు.

లిటిల్ రాక్‌లో ఉండేవాళ్లెవరైనా ఉంటే, క్లింటన్ లైబ్రరీ పక్కన అర్కన్సా నది మీద నడక వంతెన ఉంది చూడండి. అది కూడా వీళ్లదే, మెంఫిస్ నుంచి పడమటికి పోయే చాక్టా లైనుది. ఆ లైను చాలా మేర పట్టాలు పీకేశారు.

కాజీపేట_ఆల్కో:
మరి కంపెనీ కాయిదాల మీదనన్న ఎప్పుడు ఖతం అయింది?

లెక్కలమాస్టారు:
ఖతం కాలేదు తమ్ముడూ! అప్పులన్నీ తీరాక కూడా డబ్బు మిగిలింది. 1984లో షికాగో పసిఫిక్ కార్పొరేషన్ అని పేరు మార్చుకుని, మరుసటి ఏడాది హూవర్ కంపెనీని కొన్నారు. అదే, వాక్యూమ్ క్లీనర్ల హూవర్. 1989లో మొత్తాన్ని వాషింగ్ మెషిన్ల మేటాగ్ కొనేసింది.

నిడదవోలు_జంక్షన్:
నేనిక ఏం మాట్లాడను.

మోడరేటర్:
మిల్వాకీ రోడ్ అనే రైల్వే గురించి ముగ్గురు అడిగారు. అది కూడా 1977లో దివాలా తీసి, పసిఫిక్ వైపు లైనును ఇదే 1980 మార్చిలో వదిలేసింది, కానీ దానికి కరెంటు ఇంజిన్ల కథ ఉంది కాబట్టి విడిగా చర్చ తెరిచాను. పీడబ్ల్యూఐ గారూ, మొదటి పోస్టు మీరే రాయాలి.